రెండు తీగలు కలిస్తే షట్టర్ లేచింది!

పదకొండు రోజులైంది, ఆ సంబరం ఇంకా దిగలేదు. కారు మా సందు మలుపు తిరగగానే స్టీరింగ్ పక్కనున్న మీట మీద వేలు పెడతాను. అటు చీకట్లో ఇంటి షెడ్డు షట్టర్ గరగరమంటూ పైకి లేస్తుంది. వాన పడుతున్నా సరే. అసలు వానలోనే దాని విలువ తెలుస్తుంది!

కొత్తగూడెం నుంచి టేకులపల్లి మీదుగా రాత్రిపూట ఇల్లందు వచ్చినవాళ్లకు ఆ దారి సంగతి చెప్పక్కర్లేదు. అడవి మధ్యలో కుండపోత, వైపర్లు ఎంత కొట్టుకున్నా ముందు రోడ్డు కనపడదు. ఎలాగో ఇంటికి చేరాక అసలు కష్టం మొదలయ్యేది. షట్టర్‌కు మోటర్ పెట్టించి మూడేళ్లయింది, రిమోటూ ఉంది. కానీ కావలసినప్పుడు ఆ రిమోట్ టీవీ మీదో, అమ్మ చేతిసంచి అడుగునో ఉంటుంది. దొరికినా తడి చేతుల్లోంచి జారుతుంది. చివరికి ఎవరో ఒకరు దిగాలి. నేను బెల్టు తీసేలోపే అమ్మ మోకాళ్లు పట్టుకుని దిగేది. వానాకాలం షెడ్డు గుమ్మంలో పాములు తిరిగే ఊరు మాది.

మొన్న టెక్సాస్‌లో అక్కావాళ్లింటికి వెళ్లినప్పుడు కళ్లు తెరుచుకున్నాయి. బావ కారు అద్దం కిందే మూడు మీటలున్నాయి. ఒకటి నొక్కాడు, గ్యారేజీ తలుపు లేచింది, ఆగకుండా లోపలికి పోయాం. దాన్ని హోమ్‌లింక్ అంటారట. ఇంటి రిమోట్‌ను దగ్గరపెట్టి నొక్కితే ఆ సంకేతం విని తనలో దాచుకుంటుంది. అన్ని కార్లలోనూ రాదు. టెస్లా మోడల్ 3లో అయితే 2019 నుంచి విడిగా కొని బిగించుకోవాల్సిందే. అంటే కంపెనీ ఇవ్వకపోయినా తర్వాత తగిలించుకునే దారి ఉందన్నమాట! ఆ మాట విన్నాక విమానంలో నాకు నిద్ర పట్టలేదు.

ఇంటికొచ్చీ రాగానే రిమోట్ విప్పాను. లోపల ఇంతేనా అని ఎంతసేపు చూశానో! బిస్కెట్ కంటే చిన్న పచ్చటి పలక. ఒక నల్లటి చిప్పు, రూపాయి బిళ్లలాంటి 3 వోల్టుల బ్యాటరీ, చుట్టూ రాగి గీత, చిన్న వెండి డబ్బీ. సెకనుకు 43 కోట్ల 39 లక్షల 20 వేల సార్లు ఊగే అల ఆ డబ్బీ నుంచే పుడుతుంది. 433.92 మెగాహెర్ట్జ్ అంటే అదే. ఇక మీట చేసే పని ఒక్కటే, విడిగా ఉన్న రెండు చోట్లను కలపడం.

పక్కనే కూర్చున్న నాన్న చూసి, "ఇది మా హాలేజీ గంటే గదరా" అన్నాడు.

1871లో భూగర్భ శాస్త్రవేత్త విలియం కింగ్ మా ఇల్లందు దగ్గర బొగ్గు కనిపెట్టాడు, 1889లో తవ్వకం మొదలైంది. పెద్దవాళ్ల నోట మా ఊరు ఇప్పటికీ బొగ్గుట్టే. నాన్న 21 ఇంక్లైన్‌లో హాలేజీ నడిపాడు. ఇంజన్ పైన, బొగ్గు టబ్బులు కింద చీకట్లో, మధ్యలో ఇనుప తాడు. గోడ వెంట రెండు వట్టి తీగలు ఉండేవట. కిందున్న మనిషి ఆ రెండింటినీ చేత్తో దగ్గరికి నొక్కితే పైన గంట మోగేది. ఎన్ని గంటలు మోగితే ఏ పనో ఆ లెక్క ప్రకారం తాడు లాగడమో, ఆపడమో. నాన్న ఆ మాట అనగానే నాకు పని మొత్తం అర్థమైపోయింది. సంకేతాన్ని కాపీ చేసే తిప్పలు ఎందుకు? అసలు రిమోట్ పలకనే కారులో పెట్టి, దాని మీట దగ్గర్నుంచి రెండు తీగలు లాగితే చాలు! నొక్కిన ప్రతిసారీ కోడ్ మారిపోయే కొత్త రకం రిమోట్లకూ ఇదే పనిచేస్తుంది, ఎందుకంటే పంపేది అదే చిప్పు కదా.

మొదటి పలక కాలిపోయింది. ఇంజన్ తిరుగుతున్నప్పుడు కారు కరెంటు 14 వోల్టులు దాటుతుంది, 3 వోల్టుల ప్రాణం దానికి తట్టుకోలేదు. రెండోసారి మా ఊరి జగదాంబ సెంటర్ దాకా వెళ్లి వోల్టేజీ తగ్గించే చిన్న మాడ్యూల్ తెచ్చాను. దాని మీద నీలి డబ్బా, తలలో ఇత్తడి మర. మల్టీమీటర్ పెట్టి ఆ మరను తిప్పుతుంటే అంకెలు దిగుతుంటాయి, తొమ్మిది, ఆరు, నాలుగు... 3.0 దగ్గర ఊపిరి బిగబట్టి ఆపాను. కీ తిప్పితేనే కరెంటు వచ్చే ఫ్యూజు నుంచి తీగ, మధ్యలో ఒక ఆంపియర్ ఫ్యూజు, రెండో కొస బాడీకి. కీ నా జేబులో ఉంటే మీట నొక్కినా ఏమీ జరగదు. రిమోట్ మీటకు నాలుగు కాళ్లుంటాయి, రెండేసి లోపలే కలిసి ఉంటాయి. మల్టీమీటర్‌ను బీప్ మీద పెట్టి చూసి, నొక్కినప్పుడే మోగే జతను పట్టుకుని సోల్డర్ చేశాను. డ్యాష్‌బోర్డులో ఖాళీగా ఉన్న డమ్మీ మీటల స్థానంలో కొత్త మీటలు రెండు కూర్చున్నాయి.

అయినా ఐదడుగుల దూరంలోనే పనిచేసేది. కారణం షట్టర్ పెట్టెలో దొరికింది. సంకేతం అందుకోవాల్సిన ఏంటెన్నా తీగను ఎవరో ఇనుప డబ్బాలోనే చుట్టి కుక్కారు. ఈ అల పొడవు 69 సెంటీమీటర్లు, అందులో నాలుగో వంతు 17.3. సరిగ్గా అంత తీగ కొలిచి, డబ్బాకు కన్నం పెట్టి, బయటికి నిటారుగా నిలబెట్టాను. అంతే, సందు మలుపు నుంచే షట్టర్ పలికింది! జానెడైనా లేని తీగకు ఇంత బలమా!

పైకి, ఆగు. కారులో ఈ రెండు మీటలే పెట్టాను. దించేది పెట్టలేదు. అమెరికాలో 1993 నుంచి తయారయ్యే ఇంటి గ్యారేజీ మోటర్లకు, దిగే తలుపుకు ఏదైనా అడ్డం వస్తే పసిగట్టి వెనక్కి తిప్పే కన్నులాంటి ఏర్పాటు ఉండాలని చట్టమే ఉంది. మా షట్టర్‌కు ఆ కన్ను లేదు. వీధి పిల్లలు ఆడుకునే చోటు, కాబట్టి దించడం మాత్రం దగ్గర నిలబడి కళ్లతో చూస్తూనే.

అంతా చూశాక నాన్న ఒక్కటే అడిగాడు.

"గంటేది? గంట లేకుండ తాడు కదిలిస్తారా ఎక్కడన్నా?"

నిజమే కదా! అది ఇంటి కరెంటు పని కాబట్టి ఎలక్ట్రీషియన్‌ను పిలిపించి, మోటర్ తిరిగినంతసేపూ మోగేలా బడిగంట లాంటిది పెట్టించాను. నిన్న రాత్రి మళ్లీ వాన. మలుపులో అమ్మే చెయ్యి చాపి మీట నొక్కింది. వాన చప్పుడును చీల్చుకుంటూ గంట వినపడింది. షట్టర్ లేచేసరికి వరండాలో నాన్న లేచి నిలబడి ఉన్నాడు, టబ్బులను రమ్మన్నట్టు చెయ్యి ఊపుతూ.