వల్లూరు పెట్టెలో విక్టోరియా రాణి

కడప నుంచి కమలాపురం వైపు పోయే బస్సెక్కితే అరగంటలో వల్లూరు వస్తుంది. దిగేవాళ్ళలో కొందరికి మండలాఫీసులో పని ఉంటుంది. కొందరు పుష్పగిరి చెన్నకేశవస్వామి దర్శనానికి వచ్చినవాళ్ళు. ఏడు వందల ఏళ్ళ కిందట ఈ ఊరు ఒక రాజధాని అంటే పక్క సీటాయన నావైపు అనుమానంగా చూశాడు. కాయస్థ అంబదేవుడు కాకతి రుద్రమను ఎదిరించి రాజ్యం చేసింది ఈ వల్లూరు పట్టణం నుంచే. అయితే నేను వచ్చింది అంబదేవుడి కోసం కాదు. నా వెతుకులాట అంత పాతది కూడా కాదు. మా జేజి సందుగపెట్టెలో ఒకప్పుడు ఉండిన రూపాయల కోసం.

వేసవి సెలవుల్లో మిద్దె మీద పడుకోవడం, పెన్నలో చెలమ తీసి నీళ్ళు తాగడం, మధ్యాహ్నం పూట జేజి పెట్టె తెరిస్తే చుట్టూ చేరడం.. వల్లూరంటే నాకు గుర్తున్నవి ఇవే. పెట్టె అడుగున పాత చీరె పేలికలో మూట. అందులో నలభై ఒక్క వెండి రూపాయలు. జేజికి చదువు రాదు. కానీ ఒక్కోదానికీ ఒక పేరు పెట్టుకుంది. కొప్పు మీద కిరీటం ఉంటే 'రాణి రూపాయి'. బట్టతలాయన ఉంటే 'బోడిరాజు రూపాయి'. గడ్డం, కిరీటం రెండూ ఉంటే 'గడ్డపురాజు'. విక్టోరియా, ఏడో ఎడ్వర్డ్, ఐదో జార్జి అని వాళ్ళ పేర్లు నేను బడిలో తర్వాతెప్పుడో నేర్చుకున్నాను. ముగ్గురినీ గుర్తుపట్టడం మాత్రం ముందే వచ్చు.

అక్క పెళ్ళి కుదిరిన ఏడు నాయన ఆ మూట తీసుకుని ప్రొద్దుటూరుకు బయలుదేరాడు. వెంట నన్నూ తీసుకుపోయాడు. సందులో ఒక చిన్న అంగడి. ఆచారి ఒక్కో రూపాయినీ బండమీద వేసి చప్పుడు విన్నాడు. ఖంగుమన్నవి ఒకవైపు, బొద్దుగా మోగినవి ఇంకోవైపు. తర్వాత తూకం. తర్వాత మూస. కుంపటిలో రాణులూ రాజులూ కలిసి ఎర్రగా, తెల్లగా, నీళ్ళలా అయిపోవడం నోరు తెరుచుకుని చూశాను. భలే బాగుందనిపించింది కూడా. అక్కకు కాళ్ళ పట్టీలు, ఒక కుంకుమభరిణె, పూజగిన్నె వచ్చాయి. ఆ నలభై ఒక్క నాణేల్లో ఒక్కదాని మీదైనా ఏ సంవత్సరం ఉందో నేను చదవలేదు.

పాతికేళ్ళుగా బ్రిటిష్ నాణేలు పోగేస్తున్నవాడిగా ఆ రోజు తలుచుకుంటే ఇప్పటికీ చెయ్యి నలుపుకుంటాను. ఎందుకో చెప్పాలంటే 1911 నాటి రూపాయి కథ చెప్పాలి. ఐదో జార్జి పట్టాభిషేకం చేసుకున్న ఏడాది అది. కొత్త రూపాయి మీద రాజుగారి అంగీపై ఒక ఏనుగు బొమ్మ ఉంది. చెక్కినవాడి చేతివాటమో ఏమో, తొండం పొట్టిదైపోయి అది పందిలా కనిపించింది. జనం గగ్గోలు పెట్టారు. సర్కారు వాటి చలామణీ ఆపేసి, 1912లో తొండం సరిదిద్ది మళ్ళీ అచ్చువేసింది. ఇప్పుడు సేకర్తలంతా 'పంది రూపాయి' అని వెతికేది దాన్నే. జేజి మూటలో 'గడ్డపురాజులు' పదిపైనే ఉన్నట్టు గుర్తు. వాటిలో అదొకటి ఉందో లేదో ఇక ఎవరూ చెప్పలేరు.

నాయన తప్పేం లేదు. మా వైపు రూపాయిని తూకంతోనే చూశారు. దానికి కారణం ఉంది. 1835 నుంచి కంపెనీ దేశమంతటికీ ఒకే రూపాయి పెట్టినప్పుడు దాని బరువు సరిగ్గా ఒక తులం. ఇప్పటి లెక్కలో 11.66 గ్రాములు. పన్నెండు పాళ్ళలో పదకొండు పాళ్ళు వెండి. 'రూపాయి ఎత్తు' అనే మాట అక్కడిదే. నాటువైద్యుడు చూర్ణం తూచినా, కంసాలి బంగారం తూచినా తక్కెడలో ఒకవైపు రాణిగారే. డబ్బుగా చెల్లకుండా పోయాక కూడా రూపాయి తూనికరాయిగా బతికింది. 1940లో యుద్ధం వల్ల వెండి సగానికి తగ్గించారు. 1947 రూపాయల్లో వెండే లేదు, ఒట్టి నికెల్. అయస్కాంతం పెడితే అతుక్కుంటుంది. ఆచారి బండమీద వేసి విన్న చప్పుడు ఈ చరిత్రంతా చెప్పిందన్నమాట.

ఈసారి వల్లూరులో జేజి ఇల్లు చూశాను. మిద్దె కూలి మొండిగోడలున్నాయి. పాత ఇళ్ళు కూల్చేటప్పుడు నాణేలు దొరుకుతాయన్న ఆశ మా ఊళ్ళలో ఎప్పుడూ ఉండేదే. ఒక మాట గుర్తుంచుకోవాలి. నేలలోనో, నేలకు అంటుకున్న గోడలోనో దాచింది దొరికి, దాని విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు తెలపాలని 1878 నాటి నిధినిక్షేపాల చట్టం చెబుతుంది. ఆ పది రూపాయల హద్దు కూడా బ్రిటిష్ కాలందే. ఆ రోజుల్లో పది రూపాయలంటే పది తులాల వెండి మరి!

బస్సు పాపాఘ్ని దాటి కమలాపురం చేరింది. అక్కడినుంచి ఎర్రగుంట్ల దాకా రోడ్డుకు రెండు పక్కలా నాపరాళ్ళు. పొలం గట్లకు కంచెలు కూడా రాతిపలకలే. ఈ పొలాల్లోకి తెల్లవాళ్ళ నాణెం ఎలా వచ్చిందన్నది నాకు ఎప్పుడూ ఆసక్తి. 1800లో నిజాం ఈ సీమను ఈస్టిండియా కంపెనీకి ధారాదత్తం చేశాడు. దత్తమండలాలకు మొదటి ప్రధాన కలెక్టరు థామస్ మన్రో. ఆయన ఏడేళ్ళపాటు గుర్రం మీద ఊరూరూ తిరిగి భూములు కొలిపించి, ఒక్కో రైతుకూ విడివిడిగా శిస్తు కట్టాడు. శిస్తు అంటే రొక్కం. అప్పటి సర్కారు లెక్కలన్నీ వరహాల్లో. వరహాకు 42 రూకలు, మన మూడున్నర రూపాయలు. 1818లో మద్రాసు రాజధానిలో రూపాయి ప్రమాణమయ్యే దాకా ఇదే నడిచింది. మన్రో మీద అభిమానంతో మా వైపు పిల్లలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్నవాళ్ళున్నారు. కానీ శిస్తు గడువు దగ్గరపడితే రూకల కోసం రైతు పడిన పాట్లు వేరే కథ. జేజి పెట్టె అడుగున మూట పుట్టింది ఆ భయంలోంచే అనుకుంటాను. కరువు సీమలో వెండి రూపాయి దాచుకోవడం సరదా కాదు.

ఆ కాలపు నాణేల్లో ఒక విశేషం ఉంది. 1807 తర్వాత మద్రాసు టంకశాలలో కంపెనీ అచ్చువేసిన అర వరహా మీద ఒకవైపు గుడి గోపురం, చుట్టూ నక్షత్రాలు. ఇంకోవైపు విష్ణుమూర్తి. అంచున తమిళం, తెలుగు అక్షరాలు. వెండి రూకల మీదా తెలుగే, రాగి డబ్బుల మీదా తెలుగే. అవును, 'డబ్బు' అనేది అప్పట్లో ఒక నాణెం పేరు. కడపలో ఉద్యోగం చేసి, ఇక్కడే బంగళా కొనుక్కున్న సి.పి.బ్రౌన్ 1852లో తెచ్చిన నిఘంటువు తిరగేస్తే డబ్బు, రూక, వరహా, కాసు వంటి మాటలు ఎలా వాడేవారో తెలుస్తుంది. ఇంగ్లీషువాడు సంతలో చెల్లించుకోవాలంటే మన అక్షరం కావాల్సొచ్చింది. కడపలో బ్రౌన్ బంగళా ఉన్న చోటే ఇప్పుడు ఆయన పేరిట గ్రంథాలయం ఉంది. నాణేల మీద మోజున్నవాళ్ళు అక్కడ ఒక పూట గడిపితే వృథా పోదు.

మద్రాసుకు చాలని రాగి నాణేలను ఇంగ్లండులోనే, బర్మింగ్‌హామ్ దగ్గర సోహో టంకశాలలో ఆవిరి యంత్రాల మీద అచ్చుకొట్టి ఓడల్లో పంపేవారు. 1809 జనవరిలో 'అడ్మిరల్ గార్డనర్' అనే ఓడ టన్నులకొద్దీ అలాంటి పది కాసులు, ఇరవై కాసుల బిళ్ళలతో బయలుదేరి, ఇంగ్లండు తీరం దాటకుండానే గుడ్విన్ ఇసుకతిన్నెల్లో మునిగిపోయింది. 1980లలో వాటిని పైకి తీశారు. మన సంతల్లో చేతులు మారి అరిగిపోవాల్సిన బిళ్ళలు సముద్రం అడుగున పడుకుని, సింహం బొమ్మ చెక్కుచెదరకుండా బయటికొచ్చాయి. నా దగ్గరొకటి ఉంది. ఇక్కడికి రావలసింది 180 ఏళ్ళు ఆలస్యంగా వచ్చిందని స్నేహితులకు చూపిస్తుంటాను.

ఎర్రగుంట్ల దాటి, పెన్న వంతెన మీదుగా ప్రొద్దుటూరు. పసిడిపురి, రెండో బొంబాయి అని ఈ ఊరికున్న పేర్లు కొత్తవేం కాదు. దసరాకు అమ్మవారిశాలలో వాసవీమాత అలంకారం చూడ్డానికి ఎక్కడెక్కడినుంచో వస్తారు. మిగతా రోజుల్లో జనం వచ్చేది బంగారానికి. ఇక్కడా బ్రిటిష్ నాణెమే కొలబద్ద అంటే ఆశ్చర్యం లేదు. కాసు అన్నా, సవరం అన్నా మనవాళ్ళు ఎనిమిది గ్రాములు అంటారు. అది ఇంగ్లండు సావరిన్ తూకం. ఖచ్చితంగా 7.98 గ్రాములు, 22 కేరట్లు. కాసులపేరులో లక్ష్మీదేవి బిళ్ళలుంటాయి. పాతకాలపు పేరుల్లో కొన్నిటికి రాజుగారి తల, వెనక గుర్రమెక్కి డ్రాగన్‌ను చంపుతున్న సెయింట్ జార్జి. మొదటి ప్రపంచయుద్ధం నాటి ఇబ్బందుల్లో 1918లో ఒక్క ఏడాదే ఈ సావరిన్లు బొంబాయిలో అచ్చయ్యాయి. 12 లక్షలకు పైగా. గుర్రం కాళ్ళ కింద నేలగీత మీద ఇండియాకు గుర్తుగా చిన్న 'ఐ' అక్షరం ఉంటుంది. మీ ఇంట్లో అమ్మమ్మగారి కాసులపేరుంటే భూతద్దం పెట్టి ఒకసారి చూడండి. మార్చి కొత్త మోడల్ చేయించుకునే ముందే చూడండి.

మరో సంగతి. నాణెం నల్లబడిందని చింతపండు పెట్టి తోమకండి. మా ఇంట్లో ఆడవాళ్ళు ఇదొక పండగలా చేసేవారు. మెరుపొస్తుంది నిజమే. దాంతోపాటే ముఖం మీది గీతలూ, సేకర్తలు ఇచ్చే ధరా పోతాయి.

మోజు ఉన్నచోట మోసమూ ఉంటుంది. రామపట్టాభిషేకం బొమ్మ, 'ఈస్టిండియా కంపెనీ, 1818' అన్న అక్షరాలున్న అర్ధణా బిళ్ళలు తిరునాళ్ళలో దొరుకుతాయి. కంపెనీ అలాంటిది ఎప్పుడూ వేయలేదు. వాటికే 'బియ్యాన్ని లాగే శక్తి' ఉందని చెప్పి లక్షలు గుంజే ముఠాలు పట్టుబడ్డ వార్తలు పేపర్లో చదువుతూనే ఉన్నాం. పొలం అమ్మి ఆ బిళ్ళ కొన్నవాళ్ళున్నారు. రిజర్వు బ్యాంకు పేరు చెప్పి పాతనాణేలు కొంటామని, ముందు ఫీజు కట్టమనే ఫోన్లూ వస్తాయి. తమకూ ఆ బేరాలకూ సంబంధం లేదని బ్యాంకు 2021లోనే ప్రకటించింది.

ప్రొద్దుటూరులో ఆనాటి అంగడి లేదు. ఆ సందులో ఇప్పుడు అద్దాల తలుపుల షోరూము. పక్కసందులో ఇంకా కుంపటి పెట్టుకుని కూర్చున్న పెద్దాయన ఒకాయన కనిపిస్తే ఆగాను. పాత వెండి రూపాయలేమైనా వస్తున్నాయా అనడిగాను.

"యాడొస్తాయి సామీ! మీ నాయనగార్ల కాలంలోనే సగం కరిగిపాయె. వచ్చిన అరాకొరా రేటు చూసి మూసలో ఏస్తాం. మాకు ముఖంతో ఏం పని?" అన్నాడు.

మా నలభై ఒక్క రూపాయల సంగతి చెప్పాను. ఆయన నవ్వలేదు. కాసేపు పట్టకారు పక్కన పెట్టి, "అప్పట్లో పట్టీలు బాగా మన్నేటివి. మీ అక్కగారి దగ్గర ఉండాయా ఇంకా?" అన్నాడు. లేవు. ఆమె కూతురి పెళ్ళికి అవీ కరిగాయి.

లేవబోతుంటే ఆయన గల్లాపెట్టె కింద వెతికి ఒక రేకుడబ్బీ తీశాడు. అందులో ఎవరూ కొననివన్నీ ఉన్నాయి. యుద్ధకాలంలో రాగి ఆదా చేయడానికి నడుమ బెజ్జం పెట్టి 1943 నుంచి వేసిన చిల్లికానీలు అయిదారు. మా చిన్నప్పుడు పిల్లల మొలతాడుకు కట్టేవాళ్ళు వాటిని. వాటి మధ్య అంచు వంకులు తిరిగిన అణాబిళ్ళ ఒకటి. ఐదో జార్జిది, 1919. రాగీ నికెలూ కలిపి చేసింది. తిప్పి చూశాను. అణా విలువ నాగరిలో, బెంగాలీలో, ఉర్దూలో, వాటి పక్కన తెలుగులో. ఇప్పటి మన నాణేల మీద హిందీ, ఇంగ్లీషు తప్ప మరో భాష లేదు.

ఎంతివ్వమంటారని అడిగాను.

"దీంట్లో వెండి లేదు గదా. మూసలో ఎయ్యడానికి పనికిరాదనే ఇన్నేళ్ళూ ఈడ పడుండాది. తీస్కపో సామీ" అన్నాడు. అప్పటికే ఊదుగొట్టం నోటికి పెట్టుకున్నాడు.