ముందు టైర్లు మార్చండి

పెట్రోలు బంకులో, ఆఫీసు పార్కింగులో, చుట్టాల పెళ్లిలో, ఎక్కడ బండికి స్టాండు వేసినా ఎవరో ఒకరు వచ్చి అదే ప్రశ్న. "అన్నా, ఇంకా మూడొందలేనా? పెద్దది ఎప్పుడు తీసుకుంటున్నవ్?" బండ్లంటే అయిదు పాసైతే ఆరు, ఆరు పాసైతే ఏడు అన్నట్టుగా అయిపోయింది వీళ్లకి. నూటయాభై, తర్వాత మూడొందలు, తర్వాత ఆరొందల యాభై, ఆపైన లీటరు బండి. ఉన్న క్లాసులోనే ఉండి ఆ పాఠం పూర్తిగా నేర్చుకుంటానంటే ఫెయిలైనవాణ్ణి చూసినట్టు చూస్తారు. నాకు ఒళ్లు మండుతుంది.

నాది కవాసాకి నింజా 300. 296 సీసీ, రెండు సిలిండర్లు, 39 పీఎస్. ఆ 39 కావాలంటే ఇంజను 11,000 దాకా తిరగాలి. నాలుగైదు వేల దగ్గర బద్ధకంగా ఉంటుంది, ఒప్పుకుంటాను. ఏడువేలు దాటాక గొంతు మారుతుంది, అక్కణ్ణించి ముల్లు ఎర్రగీత వైపు పరిగెడుతుంటే గేర్లు మార్చడంలో ఉన్న సుఖం ఆ బండి నడిపినవాళ్లకి చెప్పక్కర్లేదు. దీని అన్నగారు, నింజా 650 ఉంది కదా అంటారు. ఉంది. 68 పీఎస్, 64 న్యూటన్ మీటర్ల టార్క్. నా బండి టార్క్ 26 మాత్రమే. బరువులో తేడా చూస్తే 17 కిలోలే. ఏ గేర్లో ఉన్నా పిడికిలి కాస్త తిప్పితే చాలు, లాగేస్తుంది. మంచి బండి. దాన్ని తక్కువ చేసి మాట్లాడను.

కానీ ఎక్కడ తిప్పాలి? హైదరాబాద్ ఔటర్ రింగురోడ్డు మీదికి టూవీలర్లను రానివ్వరు. నాలుగు లేన్ల హైవే మీద మోటార్‌సైకిల్‌కి కేంద్రం 2018లో పెట్టిన పరిమితి గంటకి 80 కిలోమీటర్లు. ఆ 80 నా బండికి రెండో గేరులోనే వచ్చేస్తుంది. శ్రీశైలం రోడ్డు మీద మన్ననూరు దాటితే అడవి, జింకలు, కోతులు, మలుపు తిరగ్గానే ఎదురయ్యే బస్సు. అక్కడ కావలసింది గుర్రపు బలం కాదు. పైగా 2025 సెప్టెంబరు నుంచి 350 సీసీ దాటిన బండ్ల మీద జీఎస్టీ 40 శాతం, లోపలుంటే 18. ఇన్సూరెన్సు, లైఫ్ టాక్సు, టైర్ల ఖర్చు దాని తర్వాత.

అలాగని ఉన్న బండిని ఉన్నట్టే ఉంచమని కాదు. మార్పులు చేయించాలి. అయితే కుర్రాళ్లు మొదలుపెట్టేది ఎక్కడంటే సైలెన్సర్ దగ్గర! బండి షోరూము నుంచి వచ్చి మొదటి సర్వీసు కాకముందే కంపెనీ సైలెన్సర్ ఊడదీసి నలభై వేలు పోసి పొట్టి గొట్టం బిగిస్తారు. బరువు కొంత తగ్గుతుంది, నిజమే. పవర్ పెరిగిందంటారు. పెట్రోలు మ్యాపింగ్ ముట్టుకోకుండా గొట్టం ఒక్కటే మారిస్తే పెరిగేది శబ్దం. మా వీధి చివర ఒకబ్బాయి అర్ధరాత్రి షిఫ్టు దిగి వస్తాడు. ఎదురింట్లో నెలల పాప. ఆ తల్లి మళ్లీ జోకొట్టి పడుకోబెట్టేసరికి తెల్లారుతుంది. నాకు బండ్లంటే ప్రాణం కాబట్టే ఈ మాట గట్టిగా అంటున్నాను. ఆ శబ్దానికి విసిగిపోయినవాళ్లు బండి నడిపేవాళ్లందర్నీ ఒకే గాటన కడుతున్నారు. విశాఖలో పోలీసులు పట్టుకున్న సైలెన్సర్లను రోడ్డు మీద వరసగా పేర్చి రోలరుతో తొక్కించారు. తొక్కించాల్సిందే. ఆర్సీలో ఉన్న వివరాలకి తేడా వచ్చేలా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతోంది, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే తేల్చింది. చట్టం తెలియక చేశాననడానికి ఇప్పుడు అవకాశం లేదు.

డబ్బు పెట్టాల్సింది ముందు టైర్లకి. కంపెనీ ఇచ్చే టైరు ఎక్కువ కాలం మన్నడానికి ఇచ్చింది, గట్టిగా ఉంటుంది. అదే సైజులో మెత్తటి రబ్బరు టైర్లు వేయించి అనంతగిరి కొండల వైపు ఒక్క ఉదయం వెళ్లి రండి. మలుపులో బండి వంచుతుంటే భుజాల్లో ఉండే బిగువు దానంతటదే వదులుతుంది.

తర్వాత సస్పెన్షన్. దీని గురించి మాట్లాడమంటే భోజనం కూడా మానేస్తాను. ఫోర్కు గొట్టానికి ఒక ప్లాస్టిక్ ట్యాగు బిగించండి, వైర్లు కట్టేదే, రూపాయి ఖరీదు. జాకెట్, హెల్మెట్, షూ అన్నీ వేసుకుని బండెక్కి కూర్చోండి. ఒకరు వెనక నుంచి బండి పట్టుకోవాలి, ఇంకొకరు ట్యాగును కిందికి జరిపి సీలుకు ఆనించాలి. మెల్లగా దిగండి. ముందు చక్రం నేల వదిలేలా బండి ఎత్తితే ఫోర్కు పూర్తిగా సాగుతుంది. ఇప్పుడు ట్యాగుకీ సీలుకీ మధ్య ఎంత ఎడముందో స్కేలు పెట్టి చూడండి. ఈ ఫోర్కు మొత్తం నడక 120 మిల్లీమీటర్లు. అందులో మూడో వంతు దాకా దిగితే సరే. యాభై దిగిందా, ఆ స్ప్రింగులు మీ బరువుకి చాలవు. బ్రేకు నొక్కితే బండి ముక్కు నేలకి కుంగుతుంది, మలుపులో గతుకు వస్తే మింగడానికి ఫోర్కులో చోటుండదు. మీ బరువుకి తగిన స్ప్రింగులు, కొత్త ఫోర్కు ఆయిలు, ఆ పొట్టి గొట్టం ఖరీదులో సగం కూడా కావు. ఎవరూ చేయించరు, ఎందుకంటే బయటికి కనపడదు, వినపడదు. లీటరు బండి కొన్నవాళ్లలో కూడా దాని వెనక షాక్‌కి ఉన్న మరలు ఒక్కసారైనా తిప్పి చూసినవాళ్లు ఎంతమంది? లక్షలు పోసి కొన్న సస్పెన్షన్ వేరే ఎవరి బరువుకో సెట్ చేసి ఉంటే, దాని మీదే ఏళ్ల తరబడి తిరుగుతుంటారు.

కింద పికప్ చాలదనుకుంటే స్ప్రాకెట్ ఉంది. ముందు 14 పళ్లు, వెనక 42. వెనక 44 వేస్తే ప్రతి గేరూ కాస్త గట్టిగా లాగుతుంది, హైవే మీద ఇంజను కాస్త ఎక్కువ తిరుగుతుంది. ముందు 13 వేయడం చవక, తేడా ఇంకా ఎక్కువ, కానీ చిన్న పళ్లచక్రం మీద చైను మరీ వంగుతుంది, త్వరగా అరుగుతుంది. నా ఓటు 44కే.

మా మామయ్య తరానికి ఈ చర్చే లేదు. పెద్ద బండి కొనే దారే లేదు కదా! 1983లో ఎస్కార్ట్స్ వాళ్లు యమహా ఆర్డీ 350ని ఇక్కడ రాజ్‌దూత్ 350 పేరుతో వదిలారు.  347 సీసీ, టూ స్ట్రోక్, రెండు సిలిండర్లు, ఆరు గేర్లు. జపాన్‌లో 39 హార్స్‌పవర్ ఇచ్చిన ఇంజనుని మైలేజీ కోసం 30 దగ్గర కట్టేశారు, అదే హెచ్‌టీ, తర్వాత వచ్చిన ఎల్‌టీ మోడల్లో 27కి దింపారు. ముందు చక్రానికి డిస్కు తీసేసి డ్రమ్ము ఇచ్చారు. అంత పికప్ ఉన్న బండికి డ్రమ్ము బ్రేకు! అందుకే డిస్కు వేయించుకున్నవాళ్లు ప్రాణం కోసం వేయించుకున్నారు, షోకుకి కాదు.

విశాఖలో మామయ్య దగ్గర హెచ్‌టీ ఉండేది, ముదురెరుపు. వారం వారం దాన్ని విప్పి బిగించేవాడు, నేను పక్కన స్పానర్లు అందించేవాణ్ణి. "ఒరే, పన్నెండు పద్నాలుగు ఇవ్వరా" అని చెయ్యి చాపితే చూడకుండా ఇవ్వాలి. ఒకసారి ఊళ్లో పేరున్న మెకానిక్ ఒకాయన ఆటోల్యూబ్ పంపు పీకేసి, ఆయిలు పెట్రోల్లో కలిపి పొయ్యమన్నాడు. పంపుని నమ్మకూడదట, రేసు బండ్లకి ఎవరూ పెట్టరట. మామయ్య ఊళ్లో లేడు, అత్తయ్య సర్వీసుకిచ్చిన బండి అది. తిరిగొచ్చేసరికి పంపు లేదు, ఆ చోట ఒక రేకు బిళ్ల బిగించి ఉంది.

ఆటోల్యూబ్ యమహా వాళ్లు 1964లో తెచ్చిన ఏర్పాటు. ఇంజను ఎంత తిరుగుతోంది, త్రోటిల్ ఎంత తెరిచి ఉంది, ఈ రెండూ చూసుకుని ఆయిలు పంపుతుంది. పెట్రోల్లో కలిపితే ఆయిలు పెట్రోలుతోనే రావాలి. ఘాటు దిగేటప్పుడు త్రోటిల్ మూసేస్తాం, బండి మాత్రం గేర్లో ఉండి ఇంజనుని తిప్పుతూనే ఉంటుంది. పెట్రోలు లేదు కాబట్టి ఆయిలూ లేదు. అరకు నుంచి శృంగవరపుకోట వైపు దిగుతుంటే సరిగ్గా అదే జరిగింది. నేను వెనక కూర్చున్నాను. ఎడమ పిస్టన్ పట్టేసింది, వెనక చక్రం బిగుసుకుని బండి తోక పక్కకి ఊగింది. టూ స్ట్రోక్ నడిపేవాళ్ల ఎడమ చేతి వేళ్లు ఎప్పుడూ క్లచ్ మీదే ఉంటాయి, ఆ అలవాటే మమ్మల్ని కాపాడింది. హెడ్డు విప్పితే సిలిండరు గోడల మీద నిలువు గీతలు, పిస్టన్ పక్కన అల్యూమినియం కరిగి అంటుకుని ఉంది.

"వేగంగా నడిపారు, అందుకే" అన్నాడు ఆ మెకానిక్. మేం ముప్ఫైలో దిగుతున్నాం. పంపు ఏదయ్యా అంటే చెత్తలో పోయిందన్నాడు. అది చెత్తలో పోలేదు, ఎవరికో అమ్మాడు. అప్పటికే ఆ పంపు దొరకడం కష్టం. మామయ్య బోరు వేయించి, ఓవర్‌సైజు పిస్టన్లు వేయించి, పంపు కోసం హైదరాబాదూ మద్రాసూ తిరిగి చివరికి ఒక పాత ఇంజనులోంచి విప్పించి తెచ్చి తనే బిగించాడు. కేబుల్ సర్దుబాటు మాన్యువల్‌లో చెప్పిన గుర్తుకి సరిగ్గా కలిసేదాకా వదల్లేదు. ఆ తర్వాత ఆ బండి మీద ఇంకో మనిషి చెయ్యి పడనివ్వలేదు, ఆ మెకానిక్ పెళ్లికి పిలిచినా వెళ్లలేదు.