ఊక

మాది రేపల్లె పక్కన వొక ఊరు. ఊరవతల మాదిగపల్లె. మా అమ్మ గుడ్లు పోగేసి రైల్లో తెనాలి తీసుకెళ్ళి అమ్మేది. రేకు డబ్బాలో ఊక పోసి, గుడ్లు పేర్చి, మళ్ళీ పైన ఊక పోసేది. "ఊక తక్కువైతే గుడ్డు చప్పుడు చేసిద్దిరా" అనేది. ఆ మాట చాలా ఏళ్ళకి కంప్యూటర్ ముందు అర్థమయింది.

తెనాలి హాస్టల్లో వుండి ఇంటర్ చదివా. బాపట్లలో ఇంజనీరింగు. అక్కడ అద్దెగది కోసం తిరిగిన రోజులు మర్చిపోలేను. "మీరేవిట్లు?" అనేవాళ్ళు. నేను మాట దాటేస్తే ఊరు అడిగేవాళ్ళు, నాయన పేరడిగేవాళ్ళు, ఏ హాస్టలని అడిగేవాళ్ళు. ఒక్కో ప్రశ్నకి నా గొంతు ఎక్కడ తడబడిందో చూసేవాళ్ళు. చివరికి "మా బంధువులొస్తున్నారు బాబూ" అనేవాళ్ళు. నేను కులం చెప్పలేదు. వాళ్ళే లాగేశారు.

ఉద్యోగంలో చేరాక నాకిచ్చిన పని స్కాలర్‌షిప్ దరఖాస్తుల్లో కులం గడిని దాచటం. ఆర్ఎస్ఏ వాడాను. రివెస్ట్, షమీర్, ఎడిల్‌మన్ 1977లో తెచ్చిన పద్ధతి. తాళం వేసే కీ ఎవరికైనా ఇవ్వొచ్చు, తీసే కీ మాత్రం వొక్కరి దగ్గరే వుంటుంది. కులం మాటని అంకెగా మార్చి నేరుగా తాళం వేసేశాను. పరీక్షించి చూస్తే రెండు దరఖాస్తుల్లో వొకటే అంకెల వరస కనపడింది. రెండూ ఎస్సీలవే. ఒళ్ళు జలదరించింది. దీనికి తాళం పగలగొట్టక్కర్లేదు. వేసే కీ అందరి దగ్గరా వుంది గదా! ఎస్సీ, ఎస్టీ, బీసీ, ఓసీ - నాలుగు మాటలకీ తాళం వేసుకుని పోల్చి చూస్తే చాలు. ఈ దేశంలో ఆ గడికి జవాబులు కొన్నే.

అప్పుడు ఊక కలిపాను. దాన్ని పాడింగ్ అంటారు. 1994లో బెల్లారే, రోగవే చెప్పిన ఓఏఈపీ పద్ధతిలో, ప్రతిసారీ కొత్తగా పుట్టే అంకెలు మాటకి ముసుగేస్తాయి, ముసుగేసుకున్న మాట తిరిగి ఆ అంకెలకి ముసుగేస్తుంది. 2048 బిట్ల కీలో 256 బైట్లు పడతాయి. షా-256 వాడితే 66 పోయి, మాటకి 190 మిగుల్తాయి. ఇప్పుడు వొకే మాట వందసార్లు పంపినా వంద రకాలుగా కనపడుతుంది.

అంతటితో అయిపోలేదు. 1998లో బ్లైకెన్‌బాకర్ పాత పాడింగ్‌ని ఎలా ఛేదించాడో చదివాను. తాళం వేసిన సందేశాన్ని కొంచెం కొంచెం మార్చి లక్షలసార్లు పంపటం, సర్వర్ "పాడింగ్ తప్పు" అంటుందా, వేరేదంటుందా అని చూడటం. ఆ తేడా చాలు మాట లాగటానికి. 2001లో మాంగర్ ఓఏఈపీకీ అలాంటి ప్రమాదమే చూపించాడు. నాకు బాపట్ల వాకిళ్ళు గుర్తొచ్చాయి. తప్పు ఏదైనా జవాబు వొకటే, పట్టే సమయమూ వొకటే అయ్యేట్టు చూశాను. తడబడే గొంతు నా ప్రోగ్రాముకి వుండకూడదు.

"కులం చెప్పుకోటానికి సిగ్గా?" అని వొక మిత్రుడడిగాడు. 1994లో దండోరా లేచాక పేరు చివర మాదిగ అని పెట్టుకున్నవాళ్ళని చూసి తలెత్తిన తరం మాది. నాకు సిగ్గేంటి? ఆ గడి నింపితేనే మా పిల్లలకి స్కాలర్‌షిప్. అదే గడి బయటపడితే అద్దెగది దొరకదు. చెప్పుకోవటం మా హక్కు. డబ్బా ఊపి కనుక్కోవటం ఎవరి హక్కూ కాదు.