మూత ఉంటేనే జాడీ!

మదనపల్లె అనగానే టమాటా గుర్తొస్తుంది కదా! మేం మాత్రం పాత ఊరగాయ జాడీల కోసం వెళ్లాం. మదనపల్లె, పుంగనూరు, పలమనేరు మీదుగా కుప్పం. రెండు రోజులు, ఒక కారు, డిక్కీలో చుట్టడానికి పాత దుప్పట్లు.

పైన కాఫీ రంగు, కింద మీగడ రంగు ఉండే జాడీ మామూలు కుండ కాదు. దాని మట్టిని సుమారు 1,200 డిగ్రీల వేడిలో కాలుస్తారు. అప్పుడు రేణువులు కరిగి గాజులా అతుక్కుపోతాయి. అందుకే ఉప్పు, పులుపు దాన్నేమీ చేయలేవు.

అమెరికాలోనూ ఇదే కథ. ఫ్రిజ్‌లు రాకముందు అక్కడి రైతుల ఇళ్లలో క్యాబేజీ, దోసకాయలు ఇలాంటి ‘క్రాక్’లలోనే ఊరేవి. వాటి మీద 5 అని ఉంటే ఐదు గ్యాలన్లు, అంటే సుమారు 19 లీటర్లు. మిన్నెసోటాలోని రెడ్‌వింగ్‌లో చేసిన వాటికైతే సేకరించేవాళ్ల సంఘమే ఉంది. అసలు మూతతో దొరికితే పండగే. ముందు పగిలేది మూతే కదా!

మదనపల్లెలో పాత సామాన్ల అంగడాయన పరీక్ష నేర్పించాడు. వేలి కణుపుతో కొడితే ‘ఖంగ్’మనాలి. ‘దబ్’మంటే ఎక్కడో పగులున్నట్టే. రాత్రంతా నీళ్లు పోసి ఉంచితే, చెమ్మ ఎక్కడ తేలుతుందో తెలిసిపోతుంది.

పొట్టి ఆవుల ఊరు పుంగనూరులో ఒక అవ్వ ఇంట్లో మూతతో సహా జాడీ కనిపించింది. ధర అడిగాం.

“దీంట్లో ఏం పెడతావు నాయనా?”

“షెల్ఫ్‌లో పెట్టుకుంటా అవ్వా.”

“ఉత్త జాడీనా? అట్లయితే ఇయ్యను. ఊరగాయ పెట్టేదుంటే ఊరికే తీసుకపో.”

ఇక బేరం నడవలేదు. మూత మీద గుడ్డ కప్పి, మెడ చుట్టూ తాడు బిగించి వాసెన ఎలా కట్టాలో మాత్రం చూపించింది. జాడీ డబ్బుకు దొరుకుతుంది, ఈ పని మాత్రం చూసే నేర్చుకోవాలి.

పలమనేరు టెర్రకోట బొమ్మలకు పేరున్న ఊరు. మట్టి కళ అక్కడ ఇంకా బతికే ఉంది. కుప్పం చేరేసరికి ఒకవైపు తమిళనాడు, ఇంకోవైపు కర్ణాటక. మనకూ తమిళులకూ అది జాడీ, కన్నడిగులకు భరణి. ఉత్తరాదిలో మర్తబాన్ అంటారు. బర్మాలోని మర్తబాన్ రేవు నుంచి వచ్చిన పేరది!

మీరూ మొదలుపెడతారా? లోపలి మెరుగు పగిలిన దాంట్లో తినేవి పెట్టకండి, అందానికి ఉంచుకోండి. బాగున్నదాన్ని వేడినీళ్లతో కడిగి, చెమ్మ లేకుండా ఎండబెట్టి, మామిడికాయల కాలానికి సిద్ధం చేయండి. అంగళ్లు తిరిగేముందు మీ ఇంటి అటక ఎక్కి చూడండి. జాడీ దొరికితే, మూత ఎక్కడుందో అమ్మమ్మనో అవ్వనో అడగండి. వాళ్లకే తెలుస్తుంది.