పొడి అక్షరాల చాటున

మా అక్క కూతురు ఇంజనీరింగ్ మూడో సంవత్సరం. సివిల్. వేసవి సెలవుల్లో ఎవరైనా ప్రొఫెసర్ దగ్గర చేరి పరిశోధన నేర్చుకోవాలని దాని కోరిక. నలభై మందికి మెయిళ్లు పంపింది. ఒక్కరూ పలకలేదు. "మామూ, మీరు అందర్నీ ప్రశ్నలడిగే బతుకుతున్నారు గదా, నాకూ అడగడం నేర్పండి" అంటూ వచ్చి కూర్చుంది.

నేను బి.ఏ. వాణ్ణి. లెక్కలకు టెన్త్‌లోనే ఖుదా హాఫిజ్ చెప్పినవాణ్ణి. అయినా ఆ మెయిల్ చూపించమన్నాను. నలభై మందికీ ఒకటే ఉత్తరం. 'మీ పరిశోధన అంటే నాకెంతో ఆసక్తి' అని రాసింది. ఏ పరిశోధనో రాయలేదు. అడుగున పేరుండాల్సిన చోట రెండు పొడి అక్షరాలు.

"పేరేది బేటీ?"

తల దించుకుంది. "పేరు చూసి చదవకుండానే తీసేస్తారేమోనని..."

నాకు నోట మాట రాలేదు. ఎందుకంటే ఇరవై యేళ్ల కింద నేనూ అదే పని చేశాను. పత్రికలో చేరిన కొత్తలో నాకు రంజాన్ హలీం, బక్రీద్ మేకల సంత తప్ప వేరే వార్త ఇచ్చేవాళ్లు కాదు. కాలువ నీళ్ల మీద ఒక వ్యాసం రాసి పొడి అక్షరాలతో ఇచ్చాను. అచ్చయింది. బాగుందన్నారు. రాసింది నేనని తెలిశాక, "సాయిబువై ఉండి ఇంత మంచి తెలుగు ఎట్లా రాశావయ్యా?" అన్నారు. పొగిడారో పొడిచారో ఇప్పటికీ తెలీదు.

మన ఇళ్లలో పిల్లలకు మొదట నేర్పేది మాట్లాడటం కాదు, ఊరుకోవడం. 2007 మే 18న మక్కా మసీదులో పేలుడు జరిగింది. ఆ తర్వాత పోలీసులు పట్టుకెళ్లిన పాతబస్తీ కుర్రాళ్లెందరో చివరికి కోర్టుల్లో నిర్దోషులుగా బయటికొచ్చారు. ఆ రోజుల్లో తల్లులు చెప్పిన మాట ఒక్కటే: బయట ఎవరితోనూ ఎక్కువ మాట్లాడకు. ఆ మాట వింటూ పెరిగిన పిల్లను ఇప్పుడు, పో, ముక్కూ మొహం తెలియని పెద్దమనిషికి ఉత్తరం రాసి పరిచయం చేసుకో అంటే నోరెట్లా వస్తుంది?

కానీ ఒక మాట దాచలేకపోయాను. "బేటీ, ఈ నలభై మందికీ నీ పేరే తెలీదు. మరి పేరు చూసి ఎట్లా వదిలేశారు? నువ్వు ప్రశ్న అడగలేదు, వాళ్లు జవాబివ్వలేదు. పేరు చూసి తీసేసేవాళ్లు లేరని నేననను. ఉన్నారు. వాళ్లకు భయపడి మిగిలినవాళ్లకు కూడా కనపడకుండా పోతే నష్టం ఎవరికి?"

"ఏం అడగాలి మామూ?"

"నీకు నిజంగా తెలుసుకోవాలని ఉన్నది."

మాది నల్లగొండ జిల్లా. మా అమ్మీ మోకాళ్లు వంగవు. సజ్దా చేయలేదు. కుర్చీలో కూర్చునే నమాజు. ఎన్నో యేళ్లు తాగిన బోరు నీళ్లలోని ఫ్లోరైడ్ ఎముకల్లో చేరింది. మా జిల్లా పేరు మీద నీళ్లు శుభ్రం చేసే పద్ధతి ఒకటుంది, 'నల్లగొండ టెక్నిక్'. నాగపూర్‌లోని నీరీ సంస్థ 1970లలో తయారుచేసింది. పటిక, సున్నం, బ్లీచింగ్ పొడి నీళ్లలో కలిపి తేర్చితే ఫ్లోరైడ్ చాలావరకు అడుగున మడ్డిలోకి దిగుతుంది. ఇదంతా పిల్ల పుస్తకంలో ఉంది. నానీ మోకాళ్లు పక్క గదిలో ఉన్నాయి. రెండూ ఒకటేనని దానికి ఎవరూ చెప్పలేదు.

ఆ రాత్రి మడ్డి సంగతి నానీకి ఉర్దూలో చెప్పమన్నాను. తడబడింది. అమ్మీ అంతా విని ఒకే ప్రశ్న అడిగింది: "పానీ సాఫ్ కర్కే ఓ కచ్రా కిధర్ డాల్తే?" నీళ్లు శుభ్రం చేసి ఆ చెత్త ఎక్కడ పోస్తారు? పిల్ల నా మొహం చూసింది. నేను దాని మొహం చూశాను. ప్రశ్న దొరికింది.

1918లో మొదలైన ఉస్మానియాలో పాఠాలు ఉర్దూలో చెప్పేవాళ్లు. సైన్సు పుస్తకాల్ని ఉర్దూలోకి తేవడానికి దారుల్ తర్జుమా ఉండేది. 1948 తర్వాత ఆ చదువు పోయింది. ఉర్దూ వంటింట్లో మిగిలింది. అయినా చూడండి, వంటింట్లోంచి కూడా ప్రశ్న వస్తుంది.

వారం రోజులు కూర్చున్నాం. నలభై మందిని ఐదుగురు చేశాం. ఒక్కొక్కరి వ్యాసం ఒక్కటైనా చదవమన్నాను. ముందు సారాంశం, తర్వాత ముగింపు, ఆ తర్వాత బొమ్మలూ పట్టికలూ, అర్థంకానివి నోటుబుక్కులో. ఇంకా ఏం చేయాల్సి ఉందని వాళ్లే చివర్లో రాస్తారు, అక్కడ ఆగమన్నాను. ఉత్తరం ఏడు వాక్యాలు దాటొద్దు. నేనెవరు, ఏం చదివాను, నా ప్రశ్న ఏమిటి, పదిహేను నిమిషాలు ఇవ్వగలరా. సంతకం దగ్గర పిల్ల వేళ్లు ఆగాయి. నేనేం అనలేదు. నిండు పేరు తనే కొట్టింది, వాళ్ల అబ్బా పేరుతో సహా.

ప్రశ్నను నానీకి ఉర్దూలో, నాకు తెలుగులో, అద్దం ముందు ఇంగ్లీషులో చెప్పి చూసుకుంది. తెలియనిది అడిగితే తెలియదనమన్నాను. లేచేముందు, ఇంకెవరితో మాట్లాడితే మంచిదో అడగమన్నాను. నా వృత్తిలో సగం వార్తలు ఆ ఆఖరి ప్రశ్నకే దొరికాయి.

ఐదుగురిలో ఒకరు పలికారు. ఫోన్‌లో ఇరవై నిమిషాలు. గది బయట నేనూ అక్కా ఊపిరి బిగబట్టి నిలబడ్డాం. "ఈ ప్రశ్న ఎక్కడిది?" అని అడిగారట. "మా నానీది" అందట. ఈ వేసవిలో చోటు లేదన్నారు. కానీ మడ్డి మీద పనిచేస్తున్న పరిశోధక విద్యార్థి ఒకామె నంబరిచ్చారు. ఆ సాయంత్రమే పిల్ల ధన్యవాదాలు రాసింది. మర్నాడు ఆమెకు ఫోన్ చేసింది.

మిగతా నలుగురూ ఎందుకు పలకలేదు? తీరిక లేకా, పేరు చూశా? మాకు తెలీదు. తెలియకపోవడమే మన బతుకుల్లో పెద్ద బాధ. ప్రతి మౌనాన్నీ రెండుసార్లు చదువుకోవాలి.

అమ్మీకి సంగతి చెప్పాం. "ఫిర్ కచ్రా కిధర్ డాల్తే బోలే?" అని అడిగింది. పిల్ల నవ్వి నోటుబుక్కు తెరిచింది.