ఒక్క ‘హార్డ్’... ఎన్ని పేర్లో!

హార్డ్ డిస్క్, హార్డ్ వాటర్, హార్డ్ వర్క్, హార్డ్ కోల్... ఇంగ్లిషువాళ్లకు అన్నింటికీ ఒకటే మాట. అదే మాట పట్టుకుని పోలండ్‌లోని బొగ్గు సీమకు వెళ్తే మాత్రం అడుగడుక్కీ మారిపోతుంది. బొగ్గు దగ్గర రాయి అవుతుంది. పని దగ్గర బరువవుతుంది. కలప దగ్గరికొస్తే ఏకంగా ఆకే అవుతుంది! ఎందుకలా? పదండి, గనిలోకి దిగి చూద్దాం.

పోలండ్ దక్షిణాన ఉంది ఎగువ సైలీషియా. మనకు సింగరేణి ఎలాగో పోలండ్‌వాళ్లకు ఇది అలాగ. ముఖ్యనగరం కటోవిత్సె. ఎర్ర ఇటుకలతో గని కార్మికుల కోసం వందేళ్ల కిందట కట్టిన నికిషోవియెత్స్ కాలనీ ఇప్పటికీ చెక్కుచెదరలేదు. ఏటా డిసెంబరు 4న, గని కార్మికుల దేవత సెయింట్ బార్బరా పండగ నాడు, తెల్లారకముందే బ్యాండుమేళం ఈ వీధుల్లో తిరుగుతూ జనాన్ని నిద్రలేపుతుంది. టోపీలకు ఈకల కుచ్చులు పెట్టుకుంటారు. నలుపైతే కార్మికుడు, తెలుపైతే ఇంజినీరు, ఎరుపైతే బ్యాండువాడు!

రాతి బొగ్గు

కటోవిత్సె నుంచి 20 కిలోమీటర్ల దూరంలో జాబ్జె పట్టణం. అక్కడున్న గీడో గనిని 1855లో తవ్వడం మొదలుపెట్టారు. ఇప్పుడది మ్యూజియం. లిఫ్టు లాంటి పంజరంలో సందర్శకుల్ని 320 మీటర్ల లోతుకు తీసుకెళ్తారు. అక్కడ చూసే బొగ్గే ఇంగ్లిషులో ‘హార్డ్ కోల్’.

పోలిష్ నిఘంటువులో హార్డ్ అంటే ‘త్ఫార్ది’, అంటే గట్టి. కానీ ఈ బొగ్గును ఇక్కడెవరూ త్ఫార్ది అనరు. ‘వెంగెల్ కామ్యెన్ని’ అంటారు. అంటే రాతి బొగ్గు. జర్మన్లదీ ఇదే పద్ధతి. నాసిరకం లిగ్నైటేమో గోధుమరంగు బొగ్గు. గట్టిదనం ఊసే లేదు. నిజమే మరి, ఖనిజాల గట్టిదనాన్ని 1 నుంచి 10 దాకా కొలిచే మోస్ స్కేలు మీద వజ్రానిది పదో స్థానం, బొగ్గుది కింది మెట్టు!

మనమూ అంతే. ‘గట్టి బొగ్గు’ అని ఏ తెలుగువాడూ అనడు. నేలలోంచి తీశాం కాబట్టి నేలబొగ్గు. మంట చూసి బెదిరాడో ఏమో, ఎవరో రాక్షసి బొగ్గన్నారు. మాట పుట్టేది వస్తువును రోజూ చూసేవాడి నోట్లోనే.

ప్రాణం నిలిపే మెత్తన

గని పైకప్పు కూలకుండా పూర్వం కర్ర దుంగలు నిలబెట్టేవారు. వాటికి ఎక్కువగా పైన్ లాంటి కలప వాడేవారు. భారం పెరిగితే ఆ కర్ర విరగడానికి ముందే చిటపటమంటుంది. ఆ చప్పుడు వినగానే కార్మికులు బయటికి పరుగెత్తేవారు. ఇంగ్లిషు లెక్కన అది ‘సాఫ్ట్ వుడ్’.

ఇక్కడే అనువాదకుడికి అసలు పరీక్ష. ఇంగ్లిషులో హార్డ్ వుడ్ అంటే గట్టి కర్ర అని కాదు, వెడల్పాటి ఆకుల చెట్టు కలప అని. బొమ్మ విమానాలు చేసే తేలికైన బాల్సా కూడా హార్డ్ వుడ్డే! అందుకే పోలిష్‌లో దాన్ని ‘ఆకుల కలప’ అంటారు. పైన్ లాంటివి ‘సూదుల కలప’. ఇవేవీ తెలుసుకోకుండా కొనుగోలు పత్రంలో ‘గట్టి కలప’ అని రాస్తే? అడిగింది ఒకటి, లారీలో దిగేది మరొకటి!

దారి పొడవునా...

కటోవిత్సె నుంచి క్రాకూఫ్‌కు ఏ4 రహదారి మీద దాదాపు 80 కిలోమీటర్లు. బండి ఆపుకోవడానికి పక్కనుండే వరసను బ్రిటిష్‌వాళ్లు ‘హార్డ్ షోల్డర్’ అంటారు. పోలిష్‌లో భుజమూ లేదు, గట్టీ లేదు. ‘పాస్ అవారియ్ని’, అత్యవసర వరస. ఎందుకుందో పేరే చెబుతుంది. కార్మికుడి హార్డ్ హ్యాట్ ‘కాస్క్’, అంటే శిరస్త్రాణం. కష్టమైన పనికి బరువు, ఘాటైన మద్యానికి బలం.

మరి త్ఫార్ది ఎక్కడా పనికిరాదా? బోలెడు చోట్ల పనికొస్తుంది. హార్డ్ డిస్క్ ‘దిస్క్ త్ఫార్ది’. బాగా ఉడికిన గుడ్డూ గట్టిదే. పప్పు ఉడకని నీళ్లు ‘వోదా త్ఫార్దా’. మన పాఠాల్లో కఠిన జలం అన్నట్టే! నామవాచకం లింగాన్ని బట్టి విశేషణం తోక మారుతుంది. దాని చోటూ ముఖ్యమే. మామూలుగా వర్ణించేటప్పుడు విశేషణం ముందుంటుంది. ఇది ఫలానా రకం అని చెప్పాల్సొస్తే వెనక్కెళ్తుంది.

క్రాకూఫ్ పక్కనే వియెలిచ్కా ఉప్పు గని. 1978లోనే యునెస్కో జాబితాలో చేరింది. 101 మీటర్ల లోతున ఉప్పులోనే చెక్కిన ప్రార్థనాలయం ఉంది. దీపాల గుత్తులకూ ఉప్పు స్ఫటికాలే. అయితే గోడలు తెల్లగా ఉంటాయనుకుంటే పొరపాటే, గ్రానైట్‌లా బూడిదరంగులో ఉంటాయి. దీనిపేరూ ‘రాతి ఉప్పు’. మన రాళ్లుప్పు కాదండోయ్! అది సముద్రపు నీటిని ఎండబెట్టి తీసింది. దీనికి దగ్గరి చుట్టం సైంధవ లవణం.

ఈ గనిలో వాణిజ్య తవ్వకం 1996లో ఆగిపోయింది. బొగ్గుకూ గడువు పెట్టారు. 2049 నాటికి గనులు మూసేయాలని 2021లో ప్రభుత్వానికీ కార్మిక సంఘాలకూ ఒప్పందం కుదిరింది. సైలీషియా యాసలో గనిని ‘గ్రూబా’ అంటారు. జర్మన్ నుంచి వచ్చిన మాటది. గనులు పోయాక బొగ్గు పేరు పుస్తకాల్లో ఉంటుంది. కానీ ఏ కర్ర ఎప్పుడు చిటపటమంటుందో చెప్పే మనిషి ఉండడు. నిఘంటువు మాటనిస్తుంది, ఆ మాట ఎక్కడ చెల్లదో చెప్పాల్సింది మాత్రం పనిచేసినవాడే.

వెళ్లాలంటే: వార్సా నుంచి కటోవిత్సెకు రైళ్లున్నాయి. వియెలిచ్కాలో 800 దాకా మెట్లుంటాయి, నడక బూట్లు తప్పనిసరి. గనిలో ఎవరైనా ‘ష్చెన్‌శ్చ్ బోజె’ అంటే కంగారుపడకండి. దేవుడు చల్లగా చూడాలని అర్థం. అక్కడి నమస్కారం అదే!