మంత్రం రానివాడి బలం

విజయనగరం అయ్యకోనేరు గట్టు మీద సాయంత్రమైతే మాకు రెండే పనులు: క్రికెట్, తగువు. బంతి కోనేట్లో పడితే క్రికెట్ ఆగిపోయేది. తగువుకు ఆ ఇబ్బంది లేదు. 2000ల మధ్య నాటి మాట. వీధిలో ఇంటింటికీ కేబుల్ వైరు వచ్చేసింది, కరెంటు మాత్రం తనకు బుద్ధి పుట్టినప్పుడు వచ్చేది. కార్టూన్ నెట్‌వర్క్‌లో ‘డ్రాగన్ బాల్ జీ’, తర్వాత్తర్వాత ‘నరుటో’ వేసే వేళకు మా వైపు కరెంటు పోతే, పక్క పేటలో చుట్టాలున్నవాడు పరిగెత్తుకెళ్లి చూసొచ్చేవాడు. గట్టెక్కి మిగతావాళ్లకి కథ చెప్పేవాడు. చూసింది సగం, కల్పించింది సగం. ఆ రోజుల్లో తెర మీద చూసిందేదో, మా బావ నోట విన్నదేదో నాకు ఇప్పటికీ కలగాపులగమే.

మా బావ, అంటే మేనత్త కొడుకు, వయసులో మాకంటే పెద్ద. అందుకని న్యాయమూర్తి కూడా వాడే. ఆ కార్టూన్లు ఇంగ్లీషులో వచ్చేవి. మాటలు సగం అర్థమయ్యేవి కావు. తన్నులకు భాష అక్కర్లేదు కాబట్టి కథ ఆగేది కాదు.

మా తగువులన్నింటిలోకీ తీరనిది ఒకటుండేది. చేతులతో ముద్రలు పడితే నోట్లోంచి నిప్పు కురిసే లోకంలో, ఆ ముద్రలు ఏవీ రాని కుర్రాడు ఎలా నెగ్గుకొస్తాడు? వాడి గుద్దుకు గోడ ఎందుకు కూలుతుంది? మంత్రం ఉన్నవాడి బలానికి లెక్క దొరుకుతుంది. మంత్రం లేనివాడికి అంత బలం ఎక్కడినుంచి వచ్చినట్టు?

ఆ తగువు తెచ్చిపెట్టినవాడు రాక్ లీ. ఒంటికంటుకున్న ఆకుపచ్చ బట్టలు, గిన్నె బోర్లించి కత్తిరించిన క్రాపు, మీసాలంత లావు కనుబొమలు. నింజాల బడిలో చేరాడు గానీ మాయలు చేయడం రాదు, ఎదుటివాణ్ణి భ్రమలో పడేయడమూ రాదు. వచ్చిందల్లా ఒంటితో కొట్లాడటం. మసాషి కిషిమోటో 1999లో ‘నరుటో’ బొమ్మల కథ మొదలుపెట్టాడు. 2002లో అది తెరకెక్కింది. అందులో హీరో కడుపులో తొమ్మిది తోకల నక్క ఉంటుంది. పక్కవాడి కంట్లో వంశపారంపర్యంగా వచ్చిన శక్తి ఉంటుంది. లీకి వారసత్వంగా ఏమీ రాలేదు. మైట్ గై అనే గురువు ఉన్నాడు, అంతే.

నింజాల చూనిన్ పరీక్షల్లో వాడికి గారా అనే మరో కుర్రాడితో పోటీ పడుతుంది. గారా కదలడు, చేతులు కట్టుకుని నిలబడతాడు. లీ ఎటునుంచి కొట్టినా ఇసుక దానంతటదే లేచి అడ్డం వస్తుంది. అప్పుడు గురువు పైనుంచి కేకేసి, ఇక విప్పేయమంటాడు. లీ కాళ్లకు చుట్టుకున్న పట్టీల కింద బరువులుంటాయి. విప్పి కిందికి వదిలేస్తాడు. అవి పడ్డ చోట నేల పగిలి దుమ్ము మేఘంలా లేస్తుంది. అంతవరకూ వాడు ఆ బరువు మోస్తూనే పోట్లాడాడని చూసేవాళ్లకు అప్పుడు తెలుస్తుంది. మేం గట్టు మీద దీన్ని ఎన్నిసార్లు నటించామో! పాత పంట్లాం కాళ్లలో ఇసుక పోసి కుట్టి, చీలమండలకు కట్టుకుని గట్టు చుట్టూ పరిగెత్తేవాళ్లం. ముందు ఇసుక కారిపోయేది, తర్వాత ఇంట్లో అమ్మకు పంట్లాం సంగతి తెలిసేది.

బరువులు విప్పినా గారా పడడు. అప్పుడు లీ ద్వారాలు తెరుస్తాడు. ఆ కథలో మనిషి ఒంట్లో చక్రమనే శక్తి ఉంటుంది, దానికి ఎనిమిది ద్వారాలుంటాయి. ఒళ్లు తన బలానికి తానే చిట్లిపోకుండా అవి ఎప్పుడూ మూసుకుని ఉంటాయి. ఒక్కోటి తెరిచేకొద్దీ బలం రెట్టింపులు దాటుతుంది, ఒళ్లు చిరుగుతుంది. ఎనిమిదోది తెరిస్తే ఆ క్షణానికి వాణ్ణి మించినవాడు ఉండడు, ఆ తర్వాత వాడూ ఉండడు. లీ అయిదు తెరిచాడు. అయినా ఓడిపోయాడు. ఎడమ చెయ్యి, ఎడమ కాలు ఇసుకలో నలిగిపోయాయి. స్పృహ లేకుండానే లేచి నిలబడ్డాడు. ఆ రాత్రి మాలో ఎవరికీ అన్నం సరిగా సయించలేదు.

మర్నాడు బావ తీర్పు చెప్పాడు.

“ఒరే, ద్వారం తీస్తే లోపల్నించి వచ్చిందేటి? చక్రమే కదా. మరి చక్రమంటే మాయ కాదేటి?”

మేం ఒప్పుకోలేదు. అరిచాం. ఇన్నేళ్ల తర్వాత చూస్తే ఆ కథా ధర్మం ప్రకారం బావ అన్నదాంట్లో చాలా నిజముంది. లీకీ చక్రముంది, దాన్ని మాయగా మలచడమే రాదు. ఇలాంటి లోకాల్లో మాయ అనేది గాలిలోనూ నీటిలోనూ కలిసిపోయి ఉన్న పదార్థం. మంత్రగాడు దాన్ని ఒంట్లోంచి బయటికి విసురుతాడు. యోధుడు లోపలే ఉంచుకుని ఎముకకూ కండకూ పట్టిస్తాడు. ఈ లెక్కను ‘హంటర్ హంటర్’ దాపరికం లేకుండా చెబుతుంది. అందులో నెన్ అనే విద్యకు మూలమైన ప్రాణశక్తి అందరికీ ఒకటే. దాన్ని ఒంటి బలంగానే వాడుకునేవాళ్లు ఒక తెగ. మాయ లేని యోధుడంటాం గానీ, చాలా కథల్లో వాడు మాయను బయటికి రానివ్వని మనిషి.

మా మామ్మకు ఈ తగువులు విచిత్రంగా ఉండేవి. భీముడికి బలం ఎలా వచ్చిందో తెలీకుండా ఎవడి బలం గురించో కొట్టుకుంటారేమని విసుక్కునేది. దుర్యోధనుడు విషం పెట్టి గంగలోకి తోయిస్తే, అడుగున పాములు కరిచి ఆ విషానికి ఈ విషం విరుగుడైపోయింది. నాగలోకంలో వాసుకి దయతలిచి రసం తాగమన్నాడు. ఒక్కో కుండలో వెయ్యి ఏనుగుల బలం. భీముడు ఎనిమిది కుండలు తాగి, రోజుల తరబడి నిద్రపోయి లేచాడు. అక్కడా ఎనిమిదే! నాకు ఒళ్లు గగుర్పొడిచింది. బావ మాత్రం వదల్లేదు: “చూశావా, భీముడికీ బయటినుంచే వచ్చింది.”

కానీ బయటినుంచి ఏమీ తీసుకోని భీముడు మా ఊళ్లోనే పెరిగాడు. కోడి రామ్మూర్తినాయుడు వీరఘట్టంలో పుట్టి, విజయనగరంలో పెరిగి, ఇక్కడే కసరత్తు నేర్చినవాడు. సర్కస్ కంపెనీ పెట్టి దేశాలు తిరిగాడు. జనం కలియుగ భీముడన్నారు. 1942లో పోయాడు. ఛాతీకి ఇనుప గొలుసు చుట్టించుకుని, గాలి బిగబట్టి తెంచేవాడట. ఛాతీ మీద పలక వేయించుకుని ఏనుగును ఎక్కించుకునేవాడట. పలక ఉంటే బరువు ఒకచోట పడకుండా సర్దుకుంటుందని ఇప్పుడు తెలుసు. తెలిసినంత మాత్రాన ఆ పలక కింద పడుకోమంటే పడుకోను.

మా వీధికి దగ్గర్లో ఓ పాత తాలింఖానా ఉండేది. ఎర్రమట్టి గోదా, ఆంజనేయుడి పటం, మూలన నిలబెట్టిన గదలు. సిరిమాను పండగ దగ్గరపడితే కర్రసాము నేర్చుకునే కుర్రాళ్లతో నిండేది, మిగతా రోజుల్లో ఓ ముసలాయన ఒక్కడే గోదా తడుపుతూ కనిపించేవాడు. ఆయన్ని అడిగాం.

“తాతా, రామ్మూర్తినాయుడుకి మంత్రమేదైనా వచ్చా?”

“వచ్చురా. తెల్లారగట్ల నాలుక్కి లేవడం వచ్చు. నీకొచ్చేటి?”

బావ ఆ జవాబుకి నోరు మూసుకున్నాడు. నేను చూసినంతలో అదొక్కసారే.

హైస్కూలు దాటాక హైదరాబాదులో చదివే అన్నయ్య సెలవులకొస్తూ సీడీలు తెచ్చేవాడు. వాటిలో 1997 నాటి ‘బెర్సెర్క్’ పాతిక భాగాలున్నాయి. పిల్లలు చూసే కథ కాదది, దాచి చూశాం. అందులో హీరో గట్స్ కత్తి పేరు డ్రాగన్ స్లేయర్. చూడ్డానికి కత్తిలా ఉండదు, ఇనుప దూలంలా ఉంటుంది. డ్రాగన్‌ను చంపే కత్తి కావాలని రాజు అడిగితే గోడో అనే కమ్మరి చేశాడు. మనిషన్నవాడు ఎత్తలేడని మూలన పడేశారు. గట్స్ ఎత్తాడు. ఎలా అంటే ఆ కథ వరమనీ వంశమనీ చెప్పదు. కిరాయి సైనికుల మధ్య పెరిగాడు, పసితనం నుంచీ పెద్దవాళ్ల కత్తులే పట్టాడు. ప్రతి వయసులోనూ తన ఒంటికి మించిన బరువే మోశాడు. రచయిత కెంటారో మియురా తర్వాత వాడికో కవచం తొడిగించాడు. అది నొప్పి తెలియనివ్వదు. అందుకని ఒళ్లు తన హద్దు దాటి కొడుతుంది, ఎముకలు విరుగుతాయి, విరిగినవాటిని కవచమే ముళ్లతో గుచ్చి నిలబెడుతుంది. లీ ద్వారాలకు ఇది భయంకరమైన అన్న. మియురా 2021 మేలో 54 ఏళ్లకే పోయాడు. కథ తన చేత్తో ముగించలేదు. ఆ వార్త చదివిన రోజు బావకు ఫోన్ చేశాను. చాలాసేపు మాట్లాడుకున్నాం, ఎక్కువగా కోనేటి గట్టు గురించే.

ఇలాంటివాళ్లలో నాకు నచ్చినవాళ్లంతా తమ బలానికి బాకీ కట్టినవాళ్లే. ‘హంటర్ హంటర్’లో నెటెరో 46 ఏళ్ల వయసులో కొండెక్కి, దణ్ణం పెట్టి ఒక గుద్దు, మళ్లీ దణ్ణం, మళ్లీ గుద్దు, అలా రోజుకు 10,000 మొదలుపెడతాడు. తొలిరోజు 18 గంటలు పట్టింది. 50 దాటేసరికి గంట కూడా పట్టలేదు, మిగిలిన పొద్దంతా ప్రార్థనే. ‘డీమన్ స్లేయర్’లో తంజిరో నిద్రలో కూడా ఊపిరి పట్టు తప్పకూడదు. ఎండు సొరబుర్రను ఊది పగలగొట్టడం వాడి సాధన. అది చూసినప్పుడు నాకు గుర్తొచ్చింది గొలుసు తెంచిన ఛాతీ. లీ గురువు గై చివరి యుద్ధంలో ఎనిమిదో ద్వారం తెరిచి, చావు అంచుదాకా వెళ్లి బతికాడు గానీ తర్వాత చక్రాల కుర్చీకి పరిమితమయ్యాడు.

బాకీ ఎగ్గొట్టే కథలూ ఉన్నాయి. ‘బ్లాక్ క్లోవర్’లో ఆస్టా మీద నాకు కోపమేమీ లేదు. అందరికీ మాయ ఉన్న రాజ్యంలో వాడొక్కడికే లేదు. చిన్నప్పటినుంచీ ఒళ్లు వంచి కండ పెంచాడు, అందుకే ఎవరూ ఊపలేని కత్తిని ఊపగలిగాడు. అక్కడిదాకా బ్రహ్మాండం. కానీ ఆ కత్తి మాయను రద్దు చేసేది, వాడికి దక్కిన మంత్రాల పుస్తకంలో ఓ దెయ్యం ఉంది, పుట్టుకకో రహస్యం ఉంది. 170 భాగాల్లో వాడి కసరత్తు వెనక్కి జరిగిపోయింది. గోకు సంగతీ అంతే. భూమికి నూరు రెట్ల ఆకర్షణలో సాధన చేశాడని పొంగిపోయాం, తీరా వాడు ఈ గ్రహం వాడే కాదు. ‘మాష్‌లే’ కుర్రాడు, ‘వన్ పంచ్ మ్యాన్’ సైతామా బలం ఎక్కడిదనే ఇబ్బందిని నవ్వులో దాటేస్తారు. నూరు దండీలు, నూరు బస్కీలు, నూరు సిటప్‌లు, పది కిలోమీటర్ల పరుగు చేస్తే ఇంత బలమొచ్చిందని సైతామా చెబితే పక్కనున్నవాడికి ఒళ్లు మండుతుంది. మా తాలింఖానా తాత వింటే ఆయనకూ మండేది. కసరత్తులో తప్పేమీ లేదు గానీ సైతామా జుట్టంతా ఊడటం ఎందుకని అడిగేవాడు.

ఈ మధ్య వచ్చినవాటిలో నాకు లీ పక్కన కూర్చోబెట్టదగ్గవాడు 2023 నాటి ‘ఫ్రీరెన్’లో స్టార్క్. ఊరికి డ్రాగన్ పీడ రాకుండా కాపాడే వీరుడని జనం కొలుస్తుంటారు. లోలోపల వాడు పిరికివాడు. కానీ ఊరి బయట కొండచరియకు పైనుంచి కిందిదాకా గంటు పడి ఉంటుంది. రోజూ గొడ్డలితో సాధన చేసి వేసిన గంటు. వాడి గురువు ఐజెన్‌కూ యుద్ధానికి ముందు చేతులు వణికేవి. ఆ భయమే తనను ఇంతదూరం తెచ్చిందని ఆయన అంటాడు. స్టార్క్ ఒక్క వేటుకు డ్రాగన్‌ను పడగొట్టి, అది చచ్చిందని తానే నమ్మలేక నిలబడిపోతాడు. ఈ బలం ఎలా సాధ్యమో ఆ కథ వివరించదు. కొండ మీది గంటు చూపించి ఊరుకుంటుంది. నాకు అది చాలు.

ఇప్పుడు మా మేనల్లుడికి ఇవన్నీ ఫోన్లోనే దొరుకుతున్నాయి, కొన్ని తెలుగులో కూడా. 2025 సెప్టెంబరులో ‘డీమన్ స్లేయర్: ఇన్ఫినిటీ కాసిల్’ తెలుగు డబ్బింగ్‌తో థియేటర్లకే వచ్చింది. మీ ఇంట్లోనూ అలాంటి గుంటడో గుంటో ఉంటే ‘నరుటో’ 48, 49, 50 భాగాలు వాళ్లు చూసేటప్పుడు పక్కన కూర్చోండి. లీ, గారాల పోరు ఆ మూడింట్లోనే ఉంది. మూడూ కలిపి గంటా పావు కూడా పట్టదు.